అగ్గిపుల్ల గీసే ముందు పక్క తోటకు ఒక ఫోన్

పోయిన ఏడు శివరాత్రి అయిన నాలుగో రోజు, పొద్దున పదిన్నర ప్రాంతంలో, మా చేని తూర్పు గెనిమ మీద ఎండిన కసువుకు నేను అగ్గి పెట్టాను. గెనిమ అంటే గట్టే, మా అనంతపురం పక్క అట్లే అంటాం. మాది నార్పల దగ్గర ఒక పల్లె. ఎండలు ముదరక ముందే గెనిమలు కాల్చడం మా అబ్బ చేసిన పని, మా నాయన చేసిన పని, మాకు దుక్కి దున్నినంత మామూలు, కాబట్టి అరగంటలో అయిపోతుందిలే అనుకున్నాను. ఆ అరగంటలోనే పక్క తోటలో మామ వాళ్ల చీనీ చెట్లు, అదే బత్తాయి, ముప్పై నాలుగు దెబ్బతిన్నాయి. నాలుగు సాళ్ల డ్రిప్ పైపులు కరిగి నేలకు అంటుకుపోయాయి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈ నెలా వచ్చే నెలా మన జిల్లాల్లో ఎంతోమంది ఇదే పని చేయబోతున్నారు, వాళ్లలో ఒక్కరైనా చదివితే చాలు.

పుల్ల గీసినప్పుడు గాలి లేదు. వేప చెట్టు ఆకు కూడా కదలడం లేదు. మంట మోకాలెత్తు లేచి, చిటపటలాడుకుంటూ మెల్లగా పోతోంది, నేను పార పట్టుకుని వెనకాల నడుస్తున్నాను. మా సీమలో ఎండాకాలం గాలి సంగతి మీకు తెలుసు కదా, పొద్దున ఉండదు, నేల వేడెక్కేకొద్దీ ఉన్నట్టుండి లేస్తుంది. పదకొండు కాకముందే చేని మధ్యలో నుంచి చిన్న సుడిగాలి ఒకటి, నిలువెత్తు కూడా లేదు, ఎర్రదుమ్ము తిప్పుకుంటూ వచ్చి సరిగ్గా మంట మీద నుంచి పోయింది. కాలుతున్న కసువును పిడికెడు పిడికెడుగా పైకి ఎత్తి, గెనిమ అవతల చీనీ సాళ్ల మధ్య పడేసింది. అక్కడ ఎండిపోయిన గరిక, రాలిన ఆకు, అన్నీ ఒట్టి పేలాల్లా ఉన్నాయి. ఒకచోట ఆర్పేలోపు ఇంకో మూడుచోట్ల లేచింది.

మోటారు వేద్దామని పరుగెత్తాను. స్టార్టర్ డబ్బా మూత తీస్తే మూడు లైట్లలో ఒక్కటీ వెలగలేదు, కరెంటు లేదు. వేపమండలు విరిచి కొట్టడం మొదలుపెట్టాను, రోడ్డు మీద పోయే ఇద్దరు బండి ఆపి దిగి వాళ్లూ కొట్టారు, వాళ్లెవరో నాకిప్పటికీ తెలియదు, వాళ్లకు దండం పెట్టాలి. ఎవరో 101కు ఫోన్ చేశారు, బండి బయల్దేరింది కానీ మా తోటల రస్తా ఎద్దుల బండి పట్టేంత, ఫైరింజన్ తారురోడ్డు మీదే ఆగాల్సిన పరిస్థితి. అది వచ్చేసరికి మంటే ఆగిపోయింది, కాలవ గట్టు అడ్డం వచ్చి.

మామ టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేరుగా సాలులోకి పోయి గొంతు కూర్చుని, కరిగిన పైపు కొస పట్టుకుని లాగాడు. జీళ్ల పాకం సాగినట్టు సాగింది అది. తర్వాత చెట్టు మొదలు దగ్గర బెరడు గోటితో గీకి చూశాడు. చీనీ చెట్టు బెరడు పల్చన, మంట కొమ్మ దాకా పోనక్కర్లేదు, మొదలు చుట్టూ రెండు నిమిషాలు వేడి తగిలితే చాలు, పైకి పచ్చగానే కనిపిస్తుంది, వారం పది రోజులకు ఆకు ముడుచుకుని రాలిపోతుంది. ఆ చెట్లకు గోలీకాయంత పిందె ఉంది అప్పుడు. చీనీ మొక్క నాటితే మొదటి కాపు చూడడానికే నాలుగైదేళ్లు పడుతుంది, ఇవేమో పదేళ్ల చెట్లు.

లేచి నిలబడి మామ అన్న మాట ఇది: "రాత్రే ఒక ఫోన్ చేసింటే సరిపోయేది కదప్పా. నేనూ వచ్చి నిలబడేటోణ్ణి."

తిట్టి ఉంటే బాగుండేది నాకు. పైపులు కొనిచ్చాను, పెద్దమనుషులు కూర్చుని చెప్పిన డబ్బు ఇచ్చాను, కానీ పదేళ్ల చెట్టును ఏ అంగట్లో కొనిస్తాం?

ఆ తర్వాత కొన్నాళ్లు నాకు ఇదే ధ్యాస. అసలు మన కాడ ఆరుబయట అగ్గి పెట్టడానికి రూలంటూ ఉందా? ఊర్లో అడిగితే తలా ఒక మాట చెప్పారు. నీ చేను నీ ఇష్టం అన్నారు ఒకరు, టీవీలో చూపించారు ముప్పై వేలు ఫైన్ అంట అన్నారు ఇంకొకరు. ఇద్దరిదీ తప్పే. పట్టుబట్టి చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. మన దగ్గర చిక్కేంటంటే రూలు లేకపోవడం కాదు, అది ఒకచోట లేదు, నాలుగైదు చట్టాల్లో ముక్కలు ముక్కలుగా ఉంది.

మా పిన్నమ్మ కొడుకు టెక్సస్‌లో ఉంటాడు, వాడికి ఇదంతా చెప్తే వాడు ఆశ్చర్యపోయాడు. వాళ్ల దగ్గర కౌంటీ అని ఉంటుంది, మన జిల్లా లాంటిదనుకోండి. వానలు లేక నేల ఎండిపోతే ఆ కౌంటీ పాలకమండలి కూర్చుని బర్న్ బ్యాన్ అని ఆర్డరు వేస్తుంది, ఆ ఆర్డరు తొంభై రోజుల దాకా నడవవచ్చు, ఆ రోజుల్లో సొంత స్థలంలో చెత్త కాల్చినా ఐదు వందల డాలర్ల దాకా జరిమానా. గాలీ ఎండా కలిసి ముప్పు ముదిరిన రోజు వాతావరణ శాఖ వాళ్లు రెడ్ ఫ్లాగ్ అని విడిగా హెచ్చరిక ఇస్తారు. ఆస్ట్రేలియాలో అయితే టోటల్ ఫైర్ బ్యాన్ డే అని రోజును బట్టి ప్రకటిస్తారు. మన పల్లెల్లో ఇట్లా ఈ రోజు పెట్టొచ్చు, ఈ రోజు పెట్టకూడదు అని చెప్పేవాళ్లు లేరు, పెట్టేముందు చీటీ తీసుకునే పద్ధతీ లేదు. అందుకే మంట చెయ్యి దాటాక గానీ చట్టం మన దగ్గరికి రాదు. వచ్చినప్పుడు మాత్రం గట్టిగానే వస్తుంది.

ముందు ఆ ముప్పై వేల సంగతి తేల్చేస్తాను. అది పంజాబ్, హర్యానా, ఢిల్లీ చుట్టుపక్కల వరికొయ్యలు కాల్చేవాళ్లకు పెట్టిన పట్టిక. 2024 నవంబర్‌లో దాన్ని రెట్టింపు చేశారు, రెండెకరాల లోపు ఐదు వేలు, ఐదెకరాల లోపు పది వేలు, ఆపైన ముప్పై వేలు. ఢిల్లీ గాలి కోసం చేసిన ఏర్పాటు అది, మన కర్నూలు, కడప రైతుకు పెట్టింది కాదు. అది విని "మనకైతే అడ్డు లేదులే" అనుకుంటే అక్కడే దెబ్బ తింటాం.

ఎందుకంటే కొత్త శిక్షా స్మృతి, అదే 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అందులో 287 సెక్షన్ ఉంది. నిప్పుతో అజాగ్రత్తగా ఉండి ఎదుటివాడి ప్రాణానికి ముప్పు తెచ్చినా, దెబ్బ తగిలేలా చేసినా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కావాలని ఒకరి పంటకో వామికో నిప్పు పెడితే 326 సెక్షన్, అది ఏడేళ్ల దాకా పోతుంది. కాలిపోయిన ఆస్తికి నష్టపరిహారం వేరే, అది సివిల్ కోర్టులో. మామ స్టేషన్‌కు పోయి ఉంటే నా కథ ఎట్లా ఉండేదో నాకు తెలుసు. ఆయన పోలేదు, అంతే. ఇవి గాక, ముప్పు ఉందనిపిస్తే ఫలానా చోట, ఫలానా రోజుల్లో నిప్పు పెట్టకూడదని ఆర్డరు వేసే అధికారం కలెక్టరుకు ఉంది. ఫలానా ప్రాంతంలో ఫలానాది కాల్చకూడదని నోటిఫికేషన్ ఇచ్చే అధికారం 1981 నాటి వాయు కాలుష్య చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది.

చెత్త విషయంలో మాత్రం రూలు చాలా సూటిగా ఉంది, ఏ సందేహమూ లేదు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాల్లో ఇంటి చెత్తను వీధిలో, ఖాళీ స్థలంలో, కాలవలో పారేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు అని రాశారు. అదే ఏడాది డిసెంబర్ 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటికీ వర్తించేలా తీర్పు ఇచ్చింది, ఆరుబయట చెత్త కాలిస్తే ఐదు వేలు, పెద్దఎత్తున కాలిస్తే పాతిక వేలు, డంపింగ్ యార్డులో కూడా కాల్చకూడదు. అంటే ఇంటి ముందు కవర్లూ ఆకులూ కుప్పచేసి పుల్ల గీసే మనకూ అదే రూలు, ఊడ్చిన చెత్తను వీధి మూల మీద తగలబెట్టేసి పోయేవాళ్లకూ అదే రూలు.

మా చెల్లెలు కర్నూలులో బాడుగకు ఉంటుంది. వాళ్ల ఇంటి వెనక ఖాళీ సైటు ఒకటి, దాని యజమాని ఎవరో ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు, చుట్టుపక్కల వాళ్లంతా అందులో చెత్త పోసి, కుప్ప పెరిగితే సాయంత్రం పూట ఎవరో ఒకరు అంటిస్తారు. మేడ మీద ఆరేసిన తెల్ల లుంగీల మీద నల్లటి పీచులాంటి మసి పడుతుంది, దులిపితే అంటుకుపోతుంది, అది ప్లాస్టిక్ మసి. ఆమె కొడుక్కి ఆరేళ్లు. చలికాలంలో రాత్రిపూట వాడు ఊపిరి తీసుకుంటుంటే పిల్లి కూత లాగా వినిపిస్తుంది. డాక్టరు ముందు అడిగిన ప్రశ్నే "మీ ఇంటి దగ్గర ఏమన్నా కాలుస్తారా?" అని. చలికాలం సాయంత్రం, తెల్లవారుజామున పొగ పైకి లేవదు, మన ముక్కు ఎత్తులోనే నిలబడుతుంది, అందుకే ఆ వేళ కాల్చే చెత్త ఇంకా చెడ్డది. 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి పదమూడు పట్టణాలు ఉన్నాయి, అందులో కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఉన్నాయి. గాలి బాగాలేని పట్టణాల జాబితా అది. మన ఊర్లకు ఏముందిలే, ఫ్యాక్టరీలు లేవు కదా అనుకునేవాళ్లు ఒకసారి ఆలోచించండి.

భోగి టైర్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. భోగి మంటకు పాత కట్టె, పిడకలు, తాటాకు, ఇవి చాలు. టైరు వేస్తే వచ్చే నల్లపొగ మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. టైరు వద్దు. అంతే.

ఇప్పుడు అసలైన సంగతి, అడవి. ఇక్కడ చట్టానికి దయ లేదు, ఉండకూడదు కూడా. 1967 నాటి మన రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం రిజర్వు ఫారెస్టుకు నిప్పు పెట్టడం ఒక్కటే నేరం కాదు, అడవికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడం, రాజేసిన నిప్పును ఆర్పకుండా వదిలిపోవడం కూడా నేరమే. కొండ కింద పట్టా చేను ఉన్న రైతులు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి, నా చేలో నేను కాల్చుకున్నాను అంటే కుదరదు, అది పాకి రిజర్వులోకి పోతే కేసు నీ మీదే. అభయారణ్యం అయితే 1972 వన్యప్రాణి చట్టం, మూడేళ్ల దాకా జైలు. మన చుట్టూ చూడండి, నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, కడపలో లంకమల, కర్నూలు వైపు బట్టమేక పిట్ట కోసం పెట్టిన రోళ్లపాడు. రోళ్లపాడు అంతా గడ్డి నేల, అక్కడ ఒక్క బీడీ ముక్క చాలు.

లంకమల పేరు చెప్పగానే నాకు కలివికోడి గుర్తొస్తుంది. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక ఈ పిట్ట లేదని పుస్తకాల్లో రాసేసుకున్న తర్వాత, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర పొదల్లో మళ్లీ కనిపించింది. దానికోసమే లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలవ దారి కూడా దానికోసం మార్చాల్సి వచ్చింది. నేల మీద తిరిగే పిట్ట అది, ముళ్లపొదల మధ్య ఖాళీ నేల దానికి ఇల్లు. ఆ కొండలకే మేకల కోసం, కొత్త గడ్డి కోసం అగ్గి పెడితే ఆ పిట్ట ఎక్కడికి పోతుంది చెప్పండి. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, ఈ కొండల్లో పెరిగే ఎర్రచందనం లోకంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగదు, దాని పిలక మొక్కలన్నీ ఆ గడ్డిలోనే ఉంటాయి.

కొండలకు అగ్గి తనంతట తాను పుట్టదు మన దగ్గర. దాదాపు ప్రతిదీ మనిషి చేతి నుంచి పోయిందే. బోదగడ్డి కాలిస్తే తొలకరికి లేత గడ్డి వస్తుందని గొర్ల కాపరులు పెడతారు, తునికాకు కొత్త చిగురు కోసం కొందరు, ఇప్పపూలు ఏరుకోవడానికి కింద శుభ్రం కావాలని కొందరు, తేనె కోసం పొగ పెట్టి అట్లే వదిలేసేవాళ్లు కొందరు, ఆర్పని బీడీ పారేసి పోయేవాళ్లకు లెక్కే లేదు. ఇవి గాక మా పల్లెల్లో ఒక మాట ఉంది, కొండ కాలితే వాన వస్తుందని. వానకోసం అల్లాడే నేల మాది, ఆ ఆశ నాకు అర్థమవుతుంది, మా అవ్వ కూడా కొండ మీద మంట కనబడితే "ఈసారి పడతాదిలే" అనేది. కానీ కాలిన కొండ మీద వాన పడితే ఏమవుతుందో మేం కళ్లారా చూశాం, నీళ్లు నిలబడకుండా నల్లగా బూడిదతో కలిసి వంకలో దిగిపోతాయి, చెరువులో ఒండ్రు చేరుతుంది, బోర్లకు చుక్క ఊరదు.

ఉగాదికి ముందు కన్నడ భక్తులు వేలాదిగా ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు దారిలో శ్రీశైలానికి నడిచి పోతారు. ఆ దారిలో ఆకంతా రాలి ఎండి, కాలు వేస్తే గలగలమంటుంది. సరిగ్గా అడవి అంటుకునే రోజులే అవి. మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకుని, బూడిద మీద నాలుగు చెంబులు పోయకుండా లేచిపోతే ఆ రాయి కింద నిప్పు పొద్దుపోయేదాకా ఉంటుంది, గాలికి లేస్తుంది. నడిచేవాళ్లలో మన ఊర్లవాళ్లూ ఉంటారు, దయచేసి చెప్పండి.

అడవివాళ్లు ఎండాకాలం ముందే ఫైర్ లైన్లు తీస్తారు, అంటే అడవిని అడ్డంగా కోసినట్టు ఒక పట్టీ మేర గడ్డీ ఆకూ లేకుండా ఊడ్చేస్తారు, మంట అక్కడికొచ్చి ఆగాలని. సీజన్ మొత్తం ఫైర్ వాచర్లను పెడతారు, నల్లమలలో ఆ పని చేసేవాళ్లలో చెంచులు ఉంటారు. నీళ్ల బండి పోలేని కొండ మీద వాళ్ల ఆయుధం పచ్చికొమ్మే, ఆకులు ఊదే బ్లోయర్ ఉంటే అదృష్టం. 2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లే రావాల్సి వచ్చింది. ఇప్పుడు పైనుంచి ఉపగ్రహాలు కూడా కాపు కాస్తున్నాయి, డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే వాళ్లు వాటిలో కనబడిన మంటను ఫోన్ మెసేజ్‌గా కింది సిబ్బందికి పంపుతారు. వాళ్ల వన్ అగ్ని పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే మనలాంటి మామూలు జనానికి కూడా ఆ మెసేజ్ వస్తుంది. కొండ కింద ఊర్లలో చదువుకున్న పిల్లలు ఈ ఒక్క పని చేస్తే ఎంతో మేలు.

మళ్లీ చేని దగ్గరికి వస్తాను. రైతు ఊరికే కాల్చడు, ఆ మాట ముందు ఒప్పుకోవాలి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తి కట్టె చేలో నిలబెడితే గులాబీ రంగు పురుగు దాంట్లో దాక్కుని మరుసటి పంటకు వస్తుంది, కట్టె తీసేయమని అధికారులే చెప్తారు. తీయడానికి కూలీలకు వేలు పోయాలి, పుల్లకు అర్ధరూపాయి కూడా కాదు. కేసీ కాలవ కింద హార్వెస్టర్ కోసిపోయాక కొయ్యకాళ్లూ చెల్లాచెదురు గడ్డీ మిగులుతాయి, తర్వాతి పంటకు టైం ఉండదు. మా వైపు చూడండి, శనక్కట్టె, అంటే వేరుశనగ కట్టె, ఒక్క పిడికెడు కూడా ఎవరూ కాల్చరు, వామి వేసి కంప కప్పి పిల్లను చూసుకున్నట్టు చూసుకుంటారు, ఎందుకంటే కరువులో పశువులకు గడ్డి లేక క్యాంపులు పెట్టిన రోజులు మాకు తెలుసు. అదే పొద్దున ఇంకోచోట ఎకరాలకు ఎకరాలు వరిగడ్డి పొగైపోతుంది. టన్ను వరిగడ్డి కాలిస్తే ఐదున్నర కిలోల నత్రజని, రెండు కిలోల పైన భాస్వరం, పాతిక కిలోల పొటాష్ పోతాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఎరువుల అంగడి ముందు క్యూ కట్టి కొనేది ఇవే కదా. బేలర్ పెట్టి గడ్డి కట్టలు కట్టిస్తే కొనేవాళ్లు ఉన్నారు, లేదంటే ఎకరాకు బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి తడిలో కలియదున్నితే కుళ్లిపోతుంది. పత్తికి, కందికి అయితే కట్టెను ముక్కలు చేసే శ్రెడ్డర్ ఉంది, నలుగురు కలిసి బాడుగకు తెచ్చుకుంటే సరిపోతుంది.

గెనిమ కసువు సంగతి మారిపోయింది నాకు. ఇప్పుడు బ్రష్ కట్టర్ బాడుగకు తెచ్చి కోసేస్తున్నాను, కోసిన గడ్డి చెట్ల మొదళ్లకు వేస్తున్నాను. గెనిమ కాల్చినప్పుడు దాంట్లో కవుజు పిట్టల గూళ్లు ఉంటాయని, రోడ్డు పక్క పాత చింతచెట్ల మొదళ్లలోకి నిప్పు పోయి మూడు రోజులు లోపల లోపలే కాలుతుందని తెలిసి కూడా ఇన్నాళ్లు పట్టించుకోలేదు. మా ఊరి దోవలో అట్లా పోయిన చింతచెట్లు రెండు ఉన్నాయి, ఒకటి మా అబ్బ కంటే పెద్దది.

కానీ సర్కారు కంప, అదే సర్కారు తుమ్మ, ఉంది చూడండి, దాన్ని కొట్టి కుప్ప వేస్తే ఎవరూ తీసుకుపోరు, పశువు ముట్టదు, ముల్లు ట్రాక్టరు టైరులో కూడా దిగుతుంది. అది మాత్రం కాల్చక తప్పడం లేదు. దానికోసం మా ఊర్లో కూర్చుని మాట్లాడుకున్నాం. నేనే నిలబడి అడిగాను, నా వల్ల జరిగింది కాబట్టి. కాల్చేవాడు ముందురోజు పొద్దుగూకేలోపు పక్క చేను వాళ్లకు ఫోన్ చేయాలి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కుప్ప చేని మధ్యలో ఉండాలి, చుట్టూ నాలుగు సాళ్లు దున్ని మట్టి తేలాలి. పొద్దున మంచు తడి ఉండగానే మొదలుపెట్టి ఎనిమిది లోపల ఆర్పేయాలి, గాలి లేచాక కొత్తగా ఏదీ అంటించకూడదు. కరెంటు ఏ వేళకు ఉంటుందో చూసుకోవాలి, లేకపోతే మందు కొట్టే తైవాన్ పంపులో నీళ్లు నింపి పక్కన పెట్టుకోవాలి. ఇద్దరికి తగ్గకూడదు. మేఘదూత్ యాప్‌లో గాలి ఎంత వేగం, ఎటువైపు అని ముందే చెప్తుంది, అది చూడడం మా కుర్రాళ్లకు అప్పగించాం. చేయి దాటితే వెంటనే 101, లేదా 112, సిగ్గుపడి ఆలస్యం చేయకూడదు.

పెద్దాయన ఒకరు అడిగారు, ఇన్ని కట్టుబాట్లు ఎందుకప్పా అని. మామే సమాధానం చెప్పాడు, గూగూడు గుండం చూపించి. మా మండలంలోనే ఉంది గూగూడు, మొహర్రానికి కుళ్లాయిస్వామి అగ్నిగుండం చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. "అంత జనంలో అంత అగ్గి ఉంటాది. గుండం దాటి బయటికి వస్తాదా? యాడ పెట్టాల్నో, ఎప్పుడు పెట్టాల్నో అందరికీ తెలుసు, సుట్టూ మనుషులుంటారు. మనం సేన్లో పెట్టేదానికి ఒక్కడూ ఉండడు." ఆ తర్వాత ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఈ ఏడు శివరాత్రి పోయిన వారానికి కంపకుప్ప కాల్చాను. ముందురోజు సాయంత్రం మామకు ఫోన్ చేస్తే "ఆరుకు వస్తా" అన్నాడు, ఐదున్నరకే వచ్చాడు, భుజాన పంపు వేసుకుని. ముప్పై నాలుగు చెట్లలో పదకొండు మళ్లీ చిగురేశాయి, మిగతావి తీసేసి కొత్త మొక్కలు పెట్టాం, గుంతలు నేనే తవ్వాను. వెలుతురు పరుచుకుంటుండగా ఆ మొక్కలు కనబడుతూ ఉన్నాయి మాకు, మంటకు ఇటుపక్క నేను, అటుపక్క ఆయన. ఏడు ముప్పావుకు కుప్ప కూలి బూడిదైంది. నేను ఐదు బిందెలు పోసి, ఇక పోదామా అన్నాను. మామ చెప్పులు విడిచి, వంగి, బూడిద పక్కన మట్టి మీద అరచెయ్యి ఆనించి కాసేపు అట్లే ఉన్నాడు.

"ఇంకో రెండు బిందెలు పొయ్యి" అన్నాడు.

పోశాను.